ఏడాది తర్వాత ఆ భుజం ఎలా ఉంది?

నా క్లినిక్‌లో తలుపు పక్కన గోడ మీద, నడుము ఎత్తు నుంచి ఆరడుగుల దాకా, పెన్సిలుతో గీసిన చిన్న చిన్న అడ్డగీతలు ఉంటాయి. భుజం పట్టేసిన మనిషిని ఆ గోడకు ఎదురుగా నిలబెట్టి, రెండు వేళ్లను చీమ పాకినట్టు పైకి పాకించమంటాను. నొప్పి ఎక్కడ ఆపేస్తే అక్కడ గీత గీసి, పక్కన తేదీ, వారి పేరులోని మొదటి అక్షరం రాస్తాను. గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా 18 ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను. వారం వారం గీతలు పైకి ఎక్కుతుంటే పేషెంటుతోపాటు నాకూ సంతోషంగా ఉండేది. కొందరి గీతలు మాత్రం ఛాతీ ఎత్తులోనే ఆగిపోయేవి, ఎందుకంటే వాళ్లు మళ్లీ రాలేదు. వాళ్లకు తగ్గి రాలేదో, తగ్గక ఇంకొక చోటికి వెళ్లారో నేను చాలా ఏళ్లపాటు తెలుసుకోలేదు.

రెండేళ్ల కిందట ఒక ప్రభుత్వ పాఠశాల టీచరు గారు కుడి భుజం నొప్పితో వచ్చారు. నొప్పి మొదలై నాలుగు నెలలు దాటింది. నల్లబల్ల పైఅంచున తేదీ రాయలేకపోతున్నారు, జడ వేసుకోవాలంటే కూతురి సాయం కావాలి, రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నారు. చేతిలో ఎమ్మారై కవరు ఉంది. టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, ఎక్కడా చిరగలేదని రిపోర్టులో రాసి ఉంది. అంతకుముందు చూపించుకున్న ఒక ఆసుపత్రిలో “పైనున్న ఎముక రాసుకుంటోంది, కీహోల్ ఆపరేషన్ చేసి కాస్త గీకేస్తే సరిపోతుంది” అన్నారట. ఆవిడ నన్ను సూటిగా రెండు ప్రశ్నలు అడిగారు. “సార్, గీకిస్తే తగ్గుతుందా? గీకించకపోయినా తగ్గుతుందా?”

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఊరి నిండా ఉన్నారు. భుజం, మోచేయి ఆపరేషన్ల మీద గత పది పదిహేనేళ్లలో జరిగిన మంచి పరిశోధనంతా ఆవిడ అడిగిన రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది కాబట్టి, ఆ రోజు ఆవిడకు పొడిపొడిగా చెప్పింది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

భుజం కీలు మీద ఇంటి చూరులాగా ముందుకు చాచుకుని ఉండే ఎముక కొసను అక్రోమియన్ అంటారు. భుజాన్ని పట్టి ఉంచే రొటేటర్ కఫ్ టెండన్లలో, చేతిని పక్కకు లేపడానికి సాయపడేది ఆ చూరు కింది ఇరుకు సందులోంచే వెళ్తుంది. చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ టెండను చూరు అంచుకు రాసుకుని, వాచి, కాలక్రమంలో చిరుగుతుందని న్యూయార్క్ శస్త్రవైద్యుడు చార్లెస్ నీర్ 1972లో ప్రచురించిన వ్యాసంలో వాదించారు. చూరు కింది అంచును కొద్దిగా చెక్కేస్తే సందు వెడల్పవుతుంది, రాపిడి పోతుంది, నొప్పీ పోతుంది. బొమ్మ గీసి చూపిస్తే చదువు రానివారికి కూడా ఒక్క నిమిషంలో బోధపడే తర్కమిది. ప్లాస్టిక్ ఎముకల నమూనా చేతిలో పట్టుకుని నేను కూడా చాలా ఏళ్లు పేషెంట్లకు ఇదే చెప్పాను. కోత పెట్టి చేసే ఆ ఆపరేషన్ 1980లలో చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసేదిగా మారాక, పేషెంటుకు భయం తగ్గింది, డాక్టరుకు వెసులుబాటు పెరిగింది. ఇంగ్లాండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2000లో 2,523 మందికి జరిగిన ఈ ఆపరేషన్ 2010 నాటికి 21,355 మందికి జరిగింది. చేయించుకున్నవారిలో ఎక్కువమందికి నొప్పి తగ్గింది కూడా. అందువల్ల దీన్ని అనుమానించవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆ అనుమానాన్ని పరీక్షగా మార్చారు. బ్రిటన్‌లోని 32 ఆసుపత్రుల్లో, కనీసం మూడు నెలలుగా ఇదే రకం నొప్పితో ఉండి, వ్యాయామాలూ స్టెరాయిడ్ ఇంజెక్షనూ అయినా తగ్గని 313 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. మొదటి గుంపుకు కీహోల్ ద్వారా ఎముక చెక్కే అసలు ఆపరేషన్ చేశారు. రెండో గుంపుకు కూడా అదే మత్తు, అవే రంధ్రాలు, అదే కెమెరా. కాకపోతే లోపల చూసి, కడిగి, ఎముకను ముట్టుకోకుండా బయటికి వచ్చేశారు. ఈ రెండు గుంపుల్లోనూ ఎవరికి ఏది జరిగిందో పేషెంట్లకు చెప్పలేదు. అలా చెప్పకుండా ఉంటామన్న సంగతిని మాత్రం ముందే వివరించి ఒప్పుదల తీసుకున్నారు. మూడో గుంపుకు ఏమీ చేయలేదు.

ఆరు నెలల తర్వాత భుజం ఎలా ఉందో కొలిచే ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోరులో (ఎంత ఎక్కువ వస్తే భుజం అంత బాగున్నట్టు), మొత్తం 48కి, ఎముక చెక్కినవారి సగటు 32.7 వచ్చింది. ఎముకను ముట్టుకోనివారి సగటు 34.2 వచ్చింది. ఏమీ చేయనివారిది 29.4. అంటే ఎముకను చెక్కినందువల్ల అదనంగా దక్కిన ప్రయోజనమేమీ కనిపించలేదు. ఏమీ చేయనివారికంటే ఆపరేషన్ గదిలోకి వెళ్లి వచ్చినవారు కాస్త మెరుగ్గా ఉన్నారు గాని, ఆ తేడా మనిషికి రోజువారీ పనుల్లో తెలిసేంత పెద్దది కాదని పరిశోధకులే రాశారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక 2018 జనవరి సంచికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది మరో వైద్య పత్రిక బీఎంజేలో ఫిన్లాండు పరిశోధకులు 210 మందితో చేసిన అధ్యయనం వచ్చింది. రెండేళ్ల తర్వాత చూసినా, ఆ పిమ్మట ఐదేళ్లకు చూసినా అసలు ఆపరేషనుకూ ఉత్తి కెమెరాకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2019లో బీఎంజే ప్రచురించిన మార్గదర్శక సూచన, ఈ రకం నొప్పికి ఎముక చెక్కే ఆపరేషన్ చేయవద్దని గట్టిగానే చెప్పింది.

బ్రిటన్ అధ్యయనంలో లోటు లేకపోలేదు. చీటీలో వచ్చిన చికిత్స ఆరు నెలలలోపు అందనివారు ప్రతి గుంపులోనూ ఉన్నారు, ముఖ్యంగా ఉత్తి కెమెరా గుంపులో చాలామంది ఉన్నారు. కొందరు శస్త్రవైద్యులు ఆ సంగతిని ఎత్తిచూపారు, వారి అభ్యంతరం న్యాయమైనదే. అయినా వేరే దేశంలో, వేరే చేతుల మీదుగా జరిగిన రెండో పరీక్ష కూడా అదే మాట చెప్పినప్పుడు దాన్ని తోసిపుచ్చడం నాకు సమంజసంగా తోచలేదు. మత్తిచ్చి, రంధ్రాలు పెట్టి, అసలు పని చేయకుండా రావడం ధర్మమా అన్న ప్రశ్న నన్ను కూడా కొన్నాళ్లు ఇబ్బంది పెట్టింది. అన్నీ తెలిసి ఒప్పుకున్న కొన్ని వందల మందితో ఆ పరీక్ష చేయడంకంటే, పరీక్షే లేకుండా ఏటా ఇరవై వేల మందికి ఎముక చెక్కుతూ పోవడమే పెద్ద తప్పని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

మరి ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి ఎందుకు తగ్గింది? మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేది నొప్పి భరించలేని స్థితికి చేరినప్పుడు. అలాంటి నొప్పి, ఏ వైద్యం జరిగినా జరగకపోయినా, కొన్నాళ్లకు తనంతట తానే కొంత దిగుతుంది. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి బరువులెత్తకుండా విశ్రాంతి ఉంటుంది, ఆ తర్వాత శ్రద్ధగా వ్యాయామం ఉంటుంది. “డాక్టరు గారు లోపలికి వెళ్లి చూసి సరిచేశారు” అన్న ధైర్యమూ ఉంటుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి ఆపరేషన్ పేరుతో రెండు నెలలు పనికి సెలవు దొరికితే, ఆ సెలవే అతని భుజానికి సగం వైద్యం చేసి ఉండవచ్చు. ఇందులో దేని వాటా ఎంతో పక్కన ఇంకొక గుంపును పెట్టి పోల్చితే తప్ప తేలదు. ఎంత అనుభవమున్న వైద్యుడైనా తన గదిలో కూర్చుని దాన్ని పసిగట్టలేడు, ఎందుకంటే అతనికి కనిపించేది చికిత్స పొందినవారు మాత్రమే.

ఇక్కడి వరకు చదివి, ఫిజియోథెరపిస్టు కాబట్టి ఆపరేషన్లను కాదని వ్యాయామాలను నిలబెడుతున్నాడని ఎవరైనా అనుకుంటే, 2021లో లాన్సెట్‌లోనే వచ్చిన మరో అధ్యయనం గురించి కూడా నేను చెప్పాలి. రొటేటర్ కఫ్ నొప్పి ఉన్న 708 మందిలో సగం మందికి ఫిజియోథెరపిస్టు దగ్గరుండి ఆరు సిట్టింగుల వరకు క్రమంగా పెంచుతూ వ్యాయామం చేయించారు. మిగతా సగం మందికి ఒకే ఒక్క సిట్టింగులో జబ్బు గురించి చక్కగా వివరించి, ఇంట్లో చేసుకోవలసిన సులువైన వ్యాయామాలు నేర్పి పంపించారు. పన్నెండు నెలలపాటు చూసినా రెండు గుంపుల మధ్య నొప్పిలో గాని, చేతి కదలికలో గాని లెక్కలోకి తీసుకోదగ్గ తేడా లేదు.

ఆ వ్యాసాన్ని క్లినిక్ మూసేశాక, రాత్రి, రెండుసార్లు చదివాను. మా దగ్గర భుజం నొప్పికి పది సిట్టింగులు మామూలు. పేషెంట్లు దాన్ని “కరెంటు పెట్టించుకోవడం” అంటారు. మిషను ప్యాడ్లు భుజానికి అంటించి పదిహేను నిమిషాలు, ఆ పైన గోడ, తాడు, కర్ర. పది రోజులూ ఆటో ఖర్చు పెట్టుకుని, సగం రోజు కూలి పోగొట్టుకుని వచ్చేవారి ముఖాలు నాకు గుర్తుకొచ్చాయి. వారిలో చాలామందికి మొదటి రోజు ముప్పావుగంట కూర్చోబెట్టి సరిగ్గా నేర్పి ఉంటే సరిపోయేదేమో. ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి రోజు ఒక గంట కేటాయిస్తాను. ఇంట్లో ఏ గోడ దగ్గర, ఏ వేళలో, ఎన్నిసార్లు చేయాలో వారి చేతనే చెప్పించుకుంటాను. మూడు వారాలకు ఒకసారి రమ్మంటాను, మధ్యలో ఫోను చేస్తాను. రాబడి తగ్గింది. ఆపరేషన్ల మీద వచ్చిన పరిశోధనను ఒప్పుకుని, నా వృత్తి మీద వచ్చిన దాన్ని పక్కన పెట్టడం నాకు చేతకాలేదు.

మోచేయి సంగతి కూడా ఇలాంటిదే. మోచేతి బయటి వైపు నొప్పిని టెన్నిస్ ఎల్బో అంటారు గాని, నా దగ్గరికి దానితో వచ్చేవారు బట్టలు పిండేవారు, పిండి కలిపేవారు, స్పానర్ తిప్పే మెకానిక్కులు. దీనికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే వారం పది రోజుల్లో ప్రాణం లేచొస్తుంది, అందుకే అందరూ అదే అడుగుతారు. ఆస్ట్రేలియాలో 198 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు వారాలకు చూస్తే ఇంజెక్షన్ గుంపే అందరికంటే ముందుంది, కాని ఆ తర్వాత వారిలో 72 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. 2013లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన 165 మంది అధ్యయనంలో ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చి చూశారు. ఏడాదికి బాగా కోలుకున్నవారు స్టెరాయిడ్ గుంపులో 83 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ గుంపులో 96 శాతం. తిరగబెట్టినవారు వరుసగా 54 శాతం, 12 శాతం. ఆరు వారాలకే కొలత ఆపేసి ఉంటే ఇంజెక్షన్ గెలిచిందని రాసుకునేవారు. ఇదే మోచేతి నొప్పికి టెండనులో చెడిన భాగాన్ని కోసి తీసే ఆపరేషన్‌ను సిడ్నీలో 26 మంది మీద ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూసినప్పుడూ తేడా కనిపించలేదు. మరీ చిన్న అధ్యయనం కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టను.

ఇవన్నీ చదివి భుజానికి ఆపరేషనే వద్దని ఎవరూ అనుకోకూడదు. పైన చెప్పిన భుజం పరీక్షలు టెండను పూర్తిగా చిరగనివారి మీద జరిగినవి. బండి మీద నుంచి పడి ఒక్కసారిగా టెండను తెగి చెయ్యి లేవనివారిని, కబడ్డీ ఆడుతూ పదే పదే భుజం జారిపోయే కుర్రాళ్లను నేను ఆలస్యం చేయకుండా శస్త్రవైద్యుడి దగ్గరికే పంపిస్తాను. టెండన్లు పూర్తిగా పాడై, కీలు అరిగి, చెయ్యి ఎత్తలేని పెద్దవారి కోసం ఫ్రాన్సులోని డిజోన్ నగరంలో పాల్ గ్రామాన్ 1985లో రూపొందించిన తిరగేసిన కృత్రిమ కీలు చాలామందికి మళ్లీ చెయ్యి ఎత్తే శక్తినిచ్చింది. ఆయన గిన్నె ఉండవలసిన చోట బంతిని, బంతి ఉండవలసిన చోట గిన్నెను పెట్టి, చేతిని లేపే బాధ్యతను పైనున్న డెల్టాయిడ్ కండరానికి అప్పగించారు.

బాత్‌రూములో జారిపడి భుజం దగ్గర ఎముక విరిగిన పెద్దవాళ్ల విషయంలో మాత్రం కుటుంబాలు తొందరపడటం చూస్తుంటాను. “ప్లేటు వేయించకపోతే అమ్మ చెయ్యి వంకరగా ఉండిపోతుంది” అని కొడుకులు భయపడతారు. 2015లో జామాలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, పక్కకు జరిగిన అలాంటి విరుగుళ్లు ఉన్న 250 మందిలో సగం మందికి ఆపరేషన్ చేశారు, సగం మందికి చెయ్యి స్లింగులో వేసి ఊరుకున్నారు. రెండేళ్లలో వారి సగటు ఆక్స్‌ఫర్డ్ స్కోరు వరుసగా 39.07, 38.32. ఎక్స్‌రేలో ఎముక వంకరగా అతికినట్టు కనిపించడం వేరు, ఆ చేత్తో కూర గిన్నె దించుకోగలగడం వేరు. కీలు కూడా తప్పిన విరుగుళ్లను ఆ అధ్యయనంలో చేర్చలేదు కాబట్టి, ఏది ఏ రకమో డాక్టరు చూసి చెప్పవలసిందే.

షుగరు ఉన్నవారిలో ఎక్కువగా వచ్చే, భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ మీద కూడా బ్రిటన్‌లో 503 మందితో పెద్ద పరీక్ష జరిగి 2020లో ఫలితాలు వచ్చాయి. మత్తిచ్చి భుజాన్ని కదిలించి వదులు చేయడం, కీహోల్ ద్వారా బిగిసిన పొరను కోయడం, ఇంజెక్షన్‌తో కలిపి ఫిజియోథెరపీ చేయడం. ఈ మూడింటిలో ఏడాది నాటికి మిగతా రెంటికంటే స్పష్టంగా మేలైనది ఏదీ తేలలేదు.

ఆ జబ్బుకు ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు 1934లో అచ్చయిన ఒక భుజం గ్రంథంలోంచి వచ్చింది. దాన్ని రాసిన బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్. నడుం వంచి చేతిని గడియారపు లోలకంలాగా వేలాడదీసి ఊపమని నేను రోజూ చెప్పే వ్యాయామం కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆ పేరు వెనకున్న మనిషి గురించి మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ చేసిన ప్రతి పేషెంటుకు ఒక కార్డు రాసి పెట్టి, ఏడాది తర్వాత ఆ మనిషిని వెతికి పట్టుకుని ఎలా ఉన్నాడో చూసి, బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో నిజాయితీగా రాయాలని ఆయన పట్టుబట్టారు. తాను పనిచేసే మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఈ పద్ధతికి ఒప్పుకోకపోవడంతో 1914లో రాజీనామా చేశారు. తన సొంత చిన్న ఆసుపత్రిలో 1911 నుంచి 1916 వరకు 337 మందికి వైద్యం చేసి ఇంటికి పంపి, అందులో జరిగిన 123 పొరపాట్లను లెక్కగట్టి, తానే అచ్చువేసి ప్రచురించారు. బోస్టన్ వైద్యలోకం ఆయన్ను దూరం పెట్టింది. 1940లో చనిపోయినప్పుడు సమాధికి రాయి కూడా లేదు. 2014లో శస్త్రవైద్యులు అక్కడ ఒక శిలాఫలకం పెట్టించారు.

ఆయన కార్డుల గురించి చదివినప్పుడే గోడ మీద ఆగిపోయిన నా గీతలు గుర్తుకొచ్చాయి. అప్పటినుంచి ఒక పొడవాటి రూళ్ల పుస్తకం పెట్టాను. ప్రతి భుజం పేషెంటుకు ఒక పేజీ. మొదటి రోజు, మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల. తప్పిపోయినవారికి నేనే ఫోను చేస్తాను. అడిగే ప్రశ్నలు ఆక్స్‌ఫర్డ్ స్కోరులోని పన్నెండే, ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. అయితే వాటిని తెలుగులో అడగడానికి కూర్చున్నప్పుడు, చాకూ ఫోర్కూ రెండూ ఒకేసారి వాడగలరా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. కుడిచేత్తో ముద్ద కలుపుకుని తినే మనిషికి ఎడమ భుజం నొప్పైతే ఈ ప్రశ్నకు అర్థం లేదు, కుడి భుజమైతే చాకు లేకుండానే అర్థం ఉంది. బీరువాలో బట్టలు తగిలించగలరా అన్నచోట దండెం మీద ఆరేయగలరా అని అడుగుతున్నాను. ప్లేటున్న ట్రే మోసుకుపోవడం బదులు నిండు బిందె అందామనుకున్నాను గాని, బరువు మారిపోతే ప్రశ్నే మారిపోతుందని మానేశాను. కొలత కర్రను ఇలా నా ఇష్టానుసారం మార్చుకున్నాను కాబట్టి, నా పుస్తకంలోని అంకెలను బ్రిటన్ అంకెల పక్కన పెట్టి పోల్చకూడదని మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఎవరైనా పరిశోధకులు ఈ స్కోరును మన పనులకు, మన మాటలకు తగినట్టు తయారు చేసి, పద్ధతి ప్రకారం పరీక్షించి ఇస్తే అది మా ప్రాంతపు భుజాలకు చాలా పెద్ద సాయమవుతుంది.

టీచరు గారికి ఆ రోజు చెప్పింది ఇంతే. టెండను చిరగలేదు కాబట్టి తొందర లేదు, ఎముక గీకించడం వల్ల అదనపు లాభం ఉన్నట్టు పరీక్షల్లో తేలలేదు, ఆరు నెలలు ఓపిక పట్టి ఇంట్లో వ్యాయామం చేస్తే తగ్గే అవకాశం ఎక్కువే గాని తప్పక తగ్గుతుందని మాటివ్వలేను, చెయ్యి ఒక్కసారిగా బలం కోల్పోతే మాత్రం వెంటనే రావాలి. ఆవిడ కాసేపు ఆలోచించి, “మాటివ్వలేనని చెప్పారు, అది బాగుంది సార్” అని ఎమ్మారై కవరు తీసుకుని వెళ్లారు.

ఆవిడ పేజీలో మొదటి రోజు 19 ఉంది. మూడో నెలలో 27, ఆరో నెలలో 36. పన్నెండో నెలలో ఫోను చేసినప్పుడు పిల్లల గోల మధ్యలోంచి మాట్లాడారు. నల్లబల్ల పైఅంచున తేదీ తానే రాస్తున్నారట, జడా తానే వేసుకుంటున్నారట, నెలలో ఒకటి రెండు రాత్రులు మాత్రం ఆ పక్కకు తిరిగితే ఇంకా సలుపుతోందట. రాత్రి నొప్పి ప్రశ్నకు మూడు మార్కులు వేశాను, మొత్తం 43 వచ్చింది. నేను నేర్పిన వ్యాయామం వల్ల తగ్గిందో, కాలం వల్ల తగ్గిందో ఆ ఒక్క పేజీ చెప్పలేదు. పక్క పేజీలోని పెద్దాయన ఆరో నెల నుంచి ఫోను ఎత్తడం లేదు, ఆదివారం వారి అబ్బాయి నంబరుకు చేసి చూడాలి.